ఇరవై రెండు

క్రిందటి డిసెంబరు సెలవుల్లో మేము మూడు కుటుంబాలవాళ్ళం అట్లాంటిక్ సిటీ వెళ్ళాం. సముద్రం చూద్దామని పిల్లలకు చెప్పాం గాని, డిసెంబరు చలిలో సముద్రం చూసేవాళ్ళెవరు! రాత్రి పదకొండు దాటాక పిల్లల్ని అత్తగారికి అప్పజెప్పి, పెద్దవాళ్ళం క్రిందికి దిగి బ్లాక్‌జాక్ బల్ల దగ్గర కూర్చున్నాం. అక్కడ జరిగిన ఒక చిన్న సంగతి మీద మా మధ్య మొదలైన వాదన ఇంటికొచ్చి రెండు నెలలైనా తెగలేదు. మన సభ్యుల్లో ఆ ఊరికి వెళ్ళివచ్చేవారు తక్కువేమీ కాదు కనుక ఇక్కడ రాస్తున్నాం.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. ముక్కల విలువలు కూడుకుంటూ 21కి వీలైనంత దగ్గరికి రావాలి, దాటకూడదు. రాజు, రాణి, జాకీ తలా పది. ఆసు ఒకటి గాని, పదకొండు గాని. మన పోటీ పక్కవాడితో కాదు, డీలరుతో. డీలరుకు సొంత తెలివి వాడే అధికారం లేదు: 16 దాకా ముక్క తీయాలి, 17 వస్తే ఆగాలి. మనం 21 దాటితే పందెం అక్కడికక్కడే పోతుంది, ఆ తరవాత డీలరు కూడా దాటినా అది తిరిగి రాదు. కాసినోవాళ్ళ లాభమంతా ఆ కిటుకులో ఉన్నది. నియమాలు బాగున్న బల్ల మీద లెక్క ప్రకారం ఆడితే వాళ్ళ మొగ్గు నూరు డాలర్లకు అర డాలరు చుట్టుపక్కలే. లెక్క తప్పి ఆడేవాళ్ళం మనమే గనుక వాళ్ళ మేడలు అంత ఎత్తున లేచాయి.

మాలో ఎనస్తీషియా డాక్టరుగారు వంద డాలర్లు పెట్టారు. ఆయనకు మూడు, రెండు వచ్చాయి. తరవాత ఆరు, దాని మీద నాలుగు, చివరికి ఏడు. డీలరు యాభై దాటిన ఆవిడ. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. వేలితో ముక్కలు జరుపుతూ "ఇరవై ఒకటి" అన్నది. తన ముక్క తిప్పింది: రాజు, పది. ఇరవై. వంద డాలర్ల చిప్పు ఆయన ముందుకు తోసింది.

మళ్ళీ కూడి చూడండి. ఇరవై రెండు.

"ఇరవై రెండండీ, మాట్లాడకండి" అన్నారు ఆయన తెలుగులో, ముఖం మీది నవ్వు చెదరకుండా. మేమూ మాట్లాడలేదు. మేమేదో సంతోషం పట్టలేక మా భాషలో చెప్పుకుంటున్నామనుకుని ఆవిడ కూడా నవ్వింది. తెలుగును కాపాడుకుందామని నెలనెలా రాసుకునే ఈ కాగితాల్లో, ఆ రాత్రి తెలుగును దేనికి వాడుకున్నామో ఒప్పుకోవడం సిగ్గుగానే ఉంది.

ఇరవై నిమిషాల తరవాత కోటు వేసుకున్నాయన ఫోను అందుకుని, వచ్చి ఆవిడ చెవిలో ఏదో అన్నాడు. ఆవిడ రెండు చేతులూ తట్టి, అరచేతులు పైనున్న కెమేరాలకు చూపించి, ఇంకొకరికి చోటిచ్చి వెళ్ళిపోయింది. అది మామూలుగా ఇచ్చే విరామమే కావచ్చు. మేమైతే అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నించాం.

మర్నాడు తిరుగు ప్రయాణంలో కార్లో వాదన మొదలయింది. అత్తగారు సంగతంతా విని, "కూరగాయలమ్మి చిల్లర ఎక్కువిస్తే తిరిగి ఇచ్చేస్తాం కదా, ఈవిడకెందుకు ఇవ్వలేదు?" అని అడిగారు.

"గంప కూరగాయలమ్మిది పిన్నిగారూ. ఇది పెద్ద కంపెనీ సొమ్ము. ఊరికే మందు పోసి, గడియారం కనబడకుండా చేసి, మన పొరపాట్ల మీద బతుకుతారు. వాళ్ళ పొరపాటు మీద మనం ఒక్క పూట బతికితే పాపమా?" అన్నారు డాక్టరుగారు.

ఈ మాటకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం. చెప్పడం సులువనుకునేవాళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చోలేదన్న మాట. శకుని కథ వింటూ పెరిగిన మనకు జూదమంటే పిలిచినవాడు మోసం చేయడం, వెళ్ళినవాడు మోసపోవడం. శకుని చేయి తడబడి ఉంటే ధర్మరాజు ఏం చేసేవాడో ఎవరూ మనకు చెప్పలేదు.

తెలివి వాడటం తప్పని మేమనం. గుంటూరులో ఎం.బి.బి.ఎస్. చదివే రోజుల్లో హాస్టల్లో రమ్మీ ఆడినవాళ్ళమే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో మన సుప్రీంకోర్టు 1967లోనే అది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని తేల్చింది. బ్లాక్‌జాక్‌లో పడిపోయిన ముక్కలు గుర్తుపెట్టుకుంటే కాసినోను గెలవవచ్చునని ఎడ్వర్డ్ థోర్ప్ అనే లెక్కల ప్రొఫెసరు 1962లో పుస్తకం రాశాడు. అలా లెక్కపెట్టే కెన్ ఉస్టన్‌ను గెంటేస్తే, కాసినోలు తమంతట తాము అలా గెంటడానికి వీల్లేదని న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. డీలరు అజాగ్రత్తగా బోర్లా ముక్క కనబడనిస్తే, కుర్చీలో మామూలుగా కూర్చున్నవాడికి అది కంటబడటం నేరం కాదని నెవాడాలోనూ 1980లలో తీర్పు వచ్చింది. కళ్ళు మూసుకుని ఆడమని ఎవరూ అనరు.

కాని ఇదే అట్లాంటిక్ సిటీలో 2012లో రెండు వింతలు జరిగాయి. గోల్డెన్ నగెట్‌లో, తయారీదారు కలిపి పంపవలసిన పేకలు కలపకుండానే బల్ల మీదికొచ్చాయి. ముక్కలు ఒకే వరసలో పడుతున్నాయని కనిపెట్టి, పది డాలర్ల పందేలవాళ్ళు అయిదు వేలకు పెంచి, వరసగా 41 ఆటలు గెలిచారు. మొత్తం పదిహేను లక్షల డాలర్ల పైమాటే. కలపని పేకతో ఆడింది చట్టప్రకారం ఆటే కాదు, ఎవరి డబ్బు వారికి తిరిగి ఇవ్వండని 2015లో కోర్టు అన్నది. బోర్గాటాలో ఫిల్ ఐవీ అనే ప్రసిద్ధ ఆటగాడి కథ వేరు. ముక్కల వెనక డిజైనులో ఉన్న చిన్న తేడా పట్టుకుని, కొన్ని ముక్కల్ని తిప్పి పెట్టమని డీలరునే అడిగించి, బాకరా ఆటలో 96 లక్షల డాలర్లు గెలిచాడు. 2016లో జడ్జి కోటి పైన తిరిగి కట్టమన్నాడు. అలాంటి ఆటే లండన్‌లో ఆడినందుకు బ్రిటన్ సుప్రీంకోర్టు 2017లో అది మోసమేనన్నది.

ఇవన్నీ ఏకరువు పెడితే డాక్టరుగారు, "చూశారా, నేను ఎవరి చేతా ఏమీ తిప్పించలేదు" అన్నారు. నిజమే. కాని ఆయనకు కనబడింది ముక్క కాదు, తనది కాని డబ్బు. ఆటలో ఆయన ఓడిపోయారు, ఆవిడ కూడిక తప్పింది. ఆ రెంటి మధ్య నేర్పు ఎక్కడుంది? అంతకు గంట ముందు అదే బల్ల మీద సరిసమానమైన పందెం చిప్పును డీలరు పొరపాటున లాక్కుంటే, చెయ్యెత్తి సూపర్‌వైజరును పిలిపించినది ఈ డాక్టరుగారే. మెడికేర్ పొరపాటున ఎక్కువ చెల్లిస్తే, గుర్తించిన అరవై రోజుల్లో తిరిగి ఇవ్వాలని 2010 చట్టం చెబుతుంది. ఆయన ఆఫీసులో అది వారంలోపే వెళ్ళిపోతుందని మాకు తెలుసు.

ఇక కంపెనీ సొమ్ము అన్న మాట. వంద డాలర్లు ఆ కంపెనీకి చీమకుట్టినట్టు కూడా ఉండదు. డీలర్లది చిన్న జీతం. టిప్పులు ఒకచోట వేసి పంచుకుంటారు. ఆ నష్టం ఆవిడ దగ్గర వసూలు చేయకపోవచ్చు. కాని కూడికలు తప్పే డీలరును ఏ యజమాని ఎన్నాళ్ళుంచుకుంటాడు? మేం చెప్పి ఉన్నా సూపర్‌వైజరు వచ్చేవాడే, పొరపాటు లెక్కకెక్కేదే, ఆవిడ ముఖం చిన్నబోయేదే. ఈ ఇబ్బందికి మాకు పూర్తి సమాధానం దొరకలేదు. అయినా అక్కడికక్కడ సరిదిద్దిన తప్పు వేరు, కెమేరా తరవాత పట్టుకున్న తప్పు వేరు.

ఇది మాకు ఆస్పత్రిలోనే తెలిసిన సంగతి. మాలో ఒకరు (ఎవరో అడక్కండి) రెసిడెన్సీలో, డ్యూటీ ఇరవై ఆరో గంటలో, 4 యూనిట్ల ఇన్సులిన్ రాయబోయి 40 రాశారు. ఫార్మసీ నుంచి ఒకాయన ఫోను చేసి, "డాక్టర్, ఇది మళ్ళీ ఒకసారి చూస్తారా?" అన్నాడు. అంతే. కోప్పడలేదు, నవ్వలేదు. ఆ రాత్రి మా కళ్ళు కూడా బ్లాక్‌జాక్ బల్ల దగ్గరి ఆవిడ కళ్ళలాగే ఉండి ఉంటాయి. మేము ఆవిడతో అనవలసింది ఆ ఒక్క ముక్కే.

ఈ కథ విన్నాక కార్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. డాక్టరుగారు మాత్రం ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోరు. అయితే క్రిందటి నెల జమాఖర్చుల్లో మన గ్రంథాలయ నిధికి "పేరు చెప్పని సభ్యుడు, 200 డాలర్లు" అని మీరు చూసి ఉంటారు. రెండు వందలెందుకని కోశాధికారిగారు మమ్మల్ని అడిగారు. గెలవని వంద, ఓడి కూడా ఇవ్వని వంద. అత్తగారికి ఈ ఏర్పాటు నచ్చలేదు. "ఆవిడకిగా ఇవ్వాల్సింది, మీ పుస్తకాలకేమిటి?" అంటున్నారు. ఆ బల్ల నంబరు, ఆ రాత్రి తారీఖు మా దగ్గర రాసి ఉన్నాయి. కాసినోకు ఉత్తరం రాస్తే ఆవిడకు మేలో కీడో తేల్చుకోలేక, కాగితం ఇంకా బల్ల సొరుగులోనే ఉన్నది.