కలానికి వన్నె

గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరే ఎబొనైటు. రాజమండ్రిలో కె.వి. రత్నం రూపొందించిన ఎబొనైటు కలాలు ప్రసిద్ధమైనవి. ఆయన కలాన్ని మెచ్చుకొంటూ గాంధీజీ 1935లో లేఖ వ్రాశారు. అయితే ఎండ సోకితే ఎబొనైటు వన్నె తగ్గుతుంది. ఈ లోపాన్ని సవరించడానికే జపానులో నమికి సంస్థ 1920లలో కలాలకు 'ఉరుషి' పూత పూయసాగింది.

మన ఏటికొప్పాక బొమ్మలకు పూసే లక్క కీటకాల నుండి లభిస్తుంది. తరిణిపై రాపిడి వేడికి కరిగి కర్రకు అంటుకొంటుంది. ఉరుషి ఒక చెట్టు పాలు. అది తేమగాలికి గట్టిపడుతుంది. ఒక పూత గట్టిపడ్డాక అరగదీసి మరొకటి పూస్తారు. తడి పూతపై బంగారు పొడి చల్లి చిత్రాలు తీర్చే ప్రాచీన కళను 'మాకి-ఎ' అంటారు. తొందరపడితే పూత ముడతలు పడుతుంది. అందుకే ఒక్క కలానికి నెలలు పడుతుంది. వన్నె నిలపడానికి వచ్చిన పూత, కళాకారుల ఓర్పు వల్ల కలానికే అలంకారమైంది.