అద్దంకి శాసనం – యుద్ధస్మారక నిర్మాణం: ఒక పరిశీలన

1. ప్రవేశిక

తెలుగు సాహిత్య చరిత్రలో అద్దంకి శాసనానికి ప్రాముఖ్యం ప్రధానంగా ఛందస్సు వల్ల లభించింది. నన్నయకు సుమారు రెండు శతాబ్దాల ముందే దేశి పద్యరచన పరిణతి పొందిందనడానికి దీనిని ఆధారంగా చూపుతారు. కాని ఇది మొదట ఒక యుద్ధవిజయాన్ని నిలపడానికి వేయించిన శిల. ఇటుకతోనో రాతితోనో కట్టిన స్మారకాన్ని పరిశీలించినట్లే, ఈ శాసన నిర్మాణాన్ని స్మారక దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. శాసన నిర్మాణం

తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని ఈ శాసనం సా.శ. 848 నాటిదని పండితుల నిర్ణయం. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు దీనిని పరిష్కరించి ప్రకటించారు. ఇందులో ఒక తరువోజ పద్యం, దాని వెంట కొంత వచనం ఉన్నాయి.

పద్యం విజయాన్ని చెబుతుంది. పట్టాభిషేకం జరిగిన తొలి ఏడే పండరంగడు సామంతులతో కదలి పన్నెండు బోయకొట్టాలను గెలవడం, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేయడం, కందుకూరును బెజవాడ అంతటిదిగా చేయడం ఇందులోని వరుస. వచనం ఆదిత్యభటారునికి ధర్మవరంలో ఇచ్చిన భూమిని, దానిని కాపాడినవారికి కలిగే పుణ్యఫలాన్ని చెబుతుంది. అంటే పద్యం జ్ఞాపకాన్ని రూపొందిస్తే, వచనం దానికి రక్షణ కల్పిస్తుంది. దానం సాగినంతకాలం శిలను చదివే అవసరమూ ఉంటుంది.

3. వీరగల్లుతో పోలిక

వీరగల్లు నిర్మాణం వేరు. సాధారణంగా దాని కింది అరలో పోరు, నడిమి అరలో వీరుణ్ణి స్వర్గానికి కొనిపోయే అప్సరసలు, పై అరలో శివలింగారాధన కనిపిస్తాయి. అక్కడ కేంద్రం మరణించినవాడు. కారెంపూడి వీరుల గుడిలోనూ అంతే. పల్నాటి యుద్ధవీరుల ఆయుధాలకు నేటికీ కార్తిక మాసంలో పూజ జరుగుతుంది. అద్దంకి శిలపై కేంద్రం గెలిచినవాడు. ఇరుపక్షాల మృతుల ప్రస్తావన లేదు. బోయకొట్టాలకు సంఖ్య ఉంది గాని, వాటిని కాపాడిన నాయకుల పేర్లు లేవు.

గమనింపదగిన సామ్యం ఛందస్సులో ఉంది. రెండు ద్విపద పాదాలు కలిస్తే ఒక తరువోజ పాదం. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్ర నడిచిందీ మంజరీ ద్విపదలోనే. జేతను కీర్తించిన నడక, మృతవీరులను స్మరించిన నడక ఒకే దేశి కుటుంబానికి చెందినవి.

4. ముగింపు

తరగతి గదిలో తరువోజ లక్షణానికి ఉదాహరణగా పద్యాన్ని మాత్రమే బోధిస్తే శాసనంలో సగమే చెప్పినట్లవుతుంది. వచనాన్ని కలిపి చదివితే స్మారకం ఎలా నిలిచిందో తెలుస్తుంది. పేరు దక్కని బోయలను గుర్తిస్తే అది ఎవరి పక్షాన నిలిచిందో తెలుస్తుంది. బోయకొట్టాల ఉనికికి వారిని ఓడించినవాని శాసనమే సాక్ష్యం కావడం ఈ ప్రాంత చరిత్ర పరిశోధకులు మరువరాని విషయం.