ఇటుక బట్టీ (కుటుంబ పరిశ్రమ)

ఇటుక బట్టీ అనగా పచ్చి ఇటుకలను పేర్చి కాల్చు స్థలము. తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్ గ్రామములలో చిన్న బట్టీలను సాధారణముగా ఒక్కొక్క కుటుంబము నడుపుచుండును.

అవసరము

జోగులాంబ గద్వాల జిల్లాలోని రాజోలి తుంగభద్రా తీరమున ఉన్నది. 2009 అక్టోబరు వరదలో ఈ గ్రామము మునిగి అనేక ఇండ్లు కూలినవి. మట్టి గోడ నీటిలో నాని కరుగును. బాగుగా కాలిన ఇటుక కరుగదు. అందువలన ఇండ్లు తిరిగి కట్టుకొనునపుడు ఇటుకకు గిరాకీ పెరుగును.

తయారీ

మట్టిని నానబెట్టి, త్రొక్కి, అచ్చులతో ఇటుకలు కోసి ఎండబెట్టుదురు. తరువాత బొగ్గు, కట్టెలు లేదా ఊకతో సుమారు 900-1000 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చుదురు. వాన పడిన పచ్చి ఇటుక పాడగును. కావున ఈ పని నవంబరు, డిసెంబరులలో మొదలై వేసవితో ముగియును.

వృద్ధి

తొలి దశలో సొంత పొలము లేదా కౌలు భూమి మట్టి, ఇంటివారి శ్రమ, ఒక బట్టీ సరిపోవును. తరువాతి దశ పొగగొట్టము గల పెద్ద బట్టీ. విలియం బుల్ 1876లో రూపొందించిన కందకపు బట్టీ ఈ రకమునకు మూలము. ఇందులో మంట ఆరకుండ వరుసగా ముందుకు సాగును. ఇంధనము ఆదా అగును. కాని మంట నిలువవలెనన్న పచ్చి ఇటుకలు ప్రతిదినము అందవలెను. అనగా బట్టీ పెరిగిన కొలది శ్రామికుల అవసరము, మట్టి అవసరము పెరుగును.

శ్రామిక కుటుంబములు

ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుండి అనేక కుటుంబములు సర్దారుల ద్వారా అడ్వాన్సు తీసుకొని తెలంగాణ బట్టీలకు వచ్చును. కూలి వేయి ఇటుకల లెక్కన ఉండుటచే భార్యాభర్తలతో పాటు పిల్లలును పనిలో దిగుదురు, చదువు ఆగిపోవును. అప్పు తీరువరకు కదలనీయకుండుట 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము ప్రకారము నేరము. యజమాని కుటుంబపు వృద్ధి వెనుక ఈ కుటుంబముల శ్రమ కలదు.

మట్టి, బూడిద

ఒక్కొక్కటి 3 కిలోలు తూగు ఇటుకలు లక్ష కావలెనన్న 300 టన్నులకు మించిన మట్టి కావలెను. ఇది ఎకరము పొలములో సుమారు 5 సెంటీమీటర్ల సారవంతమైన పైమట్టికి సమానము. కేంద్ర ప్రభుత్వము 1999లో, బొగ్గుతో నడచు విద్యుత్ కేంద్రములకు 50 కి.మీ. లోపల మట్టి ఇటుకలలో బూడిద కలుపుట తప్పనిసరి చేసి, 2003లో ఆ పరిధిని 100 కి.మీ.లకు పెంచినది. దీనితో రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రము వలన రాజోలి కూడ ఆ పరిధిలోనికి వచ్చినది. సిమెంటు లేదా సున్నము, జిప్సముతో యంత్రముపై చేయు బూడిద ఇటుకను కాల్చనక్కరలేదు, నీటితో తడిపిన చాలును. కావున పైమట్టి, ఇంధనము రెండును మిగులును.