గ్రీన్ ఆఫీస్ కావాలా? కొత్త పీసీల కన్నా ముందు ఒక పవర్ మీటర్ కొనండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ దెబ్బకు చాలా చిన్న ఆఫీసుల్లో ఒకటే చర్చ: పాత పీసీలన్నీ తీసేసి కొత్తవి కొందామా? మాదాపూర్‌లో మేం 14 మంది కూర్చునే ఆఫీస్‌లోనూ అదే జరిగింది. 12 డెస్క్‌టాప్‌లలో ఏడింటికి విండోస్ 11 ఎక్కలేదు. కొత్త పీసీలకు మూడు లక్షల పైన కొటేషన్ వచ్చింది. "ఎలాగూ కొంటున్నాం, కరెంట్ తక్కువ తినేవి కొందాం, పర్యావరణానికీ మంచిది" అన్నారు మా సార్. గ్యాడ్జెట్ల మీద రాసేవాణ్ణి కదా, లెక్క తేల్చే పని నాకు పడింది. నాకిచ్చిన గడువు నెల, బడ్జెట్ 60 వేలు. ఆలోపు వేరే దారి దొరక్కపోతే ఆ ఏడు పీసీలూ తుక్కులోకి వెళ్తాయి.

ముందు కొలత

మొదటి ఖర్చు 1,500 రూపాయల ప్లగ్-ఇన్ పవర్ మీటర్. గోడ సాకెట్‌కీ పరికరానికీ మధ్యలో పెడితే ఆ క్షణంలో ఎన్ని వాట్లు లాగుతోందో, మొత్తం ఎన్ని యూనిట్లు కాలిందో చూపిస్తుంది. వాట్లు చూసి ఆగిపోవద్దు. ఒక్కో పరికరానికి కనీసం 24 గంటలు ఉంచండి, అసలు కథ యూనిట్లలోనే తెలుస్తుంది.

మా పాత డెస్క్‌టాప్ మామూలు పనిలో 60 వాట్లు, మానిటర్ 20 వాట్లు. తొమ్మిది గంటలకు రెండూ కలిపి 0.72 యూనిట్లు. ఇక మూలన నిలబడి ఉండే వేడినీళ్లు-చల్లనీళ్ల డిస్పెన్సర్ 24 గంటల్లో 1.6 యూనిట్లు తిన్నది! అంటే రెండు పీసీల కన్నా ఎక్కువ. రాత్రంతా ఎవరూ తాగని నీళ్లను వేడి చేస్తూ, చల్లబరుస్తూ కూర్చుంటుంది. ఆదివారం కూడా దానికి సెలవు లేదు.

1,200 పెట్టి టైమర్ ఉన్న 16 యాంప్స్ స్మార్ట్ ప్లగ్ తగిలించాం. ఉదయం ఎనిమిదిన్నరకు ఆన్, రాత్రి ఏడుకు ఆఫ్. రోజువారీ వాడకం 0.9 యూనిట్లకు దిగింది, ఆదివారం దాదాపు సున్నా. ఇక్కడ ఒక జాగ్రత్త: హీటర్ ఉన్న వస్తువులకు 6 యాంప్స్ స్మార్ట్ ప్లగ్ వాడకండి, కాలిపోయే ప్రమాదం ఉంది.

ఏసీ దగ్గరే అసలు ఆట

మన ఊళ్లలో ఏ ఆఫీస్‌లో చూసినా బిల్లులో పెద్ద వాటా ఏసీదే. 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న రూమ్ ఏసీలన్నీ 24 డిగ్రీల డిఫాల్ట్ సెట్టింగ్‌తో రావాలని రూల్ ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంట్ ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క. 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందని చాలామంది నమ్మకం. ఫిక్స్‌డ్ స్పీడ్ ఏసీలో కంప్రెసర్ తిరిగేది ఒకే వేగంతో. 18 పెట్టినా 24 పెట్టినా చల్లబడే వేగం అంతే, 18 పెడితే ఆగకుండా ఎక్కువసేపు తిరుగుతుంది.

చెప్పడం తేలికే, మనుషుల్ని ఒప్పించడమే కష్టం. ఏసీ కింద కూర్చున్నవాళ్లు జాకెట్ వేసుకుంటారు, కిటికీ పక్కనవాళ్లు చెమటలు కక్కుతారు. దీనికి మందు సీలింగ్ ఫ్యాన్. గాలి ఆడితే 26 డిగ్రీల్లో కూడా హాయిగానే ఉంటుంది. మామూలు ఫ్యాన్ 75 వాట్ల దాకా తింటే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో సరిపెడుతుంది. నాలుగు ఫ్యాన్లు 12 వేలకు మార్చాం. రోజుకు పది గంటలు తిరిగితే 1.8 యూనిట్లు, నెలకు 45 యూనిట్లు మిగులు. కమర్షియల్ మీటర్‌కి యూనిట్ సుమారు 10 రూపాయలు వేసుకుంటే, పెట్టిన డబ్బు రెండేళ్ల పైచిలుకులో తిరిగొస్తుంది. ఏసీని 22 నుంచి 26కి తెచ్చిన ఆదా దీనికి అదనం.

పీసీ మార్చాలా, ఉంచాలా?

మా సార్ ప్రశ్న ఇదే కాబట్టి లెక్క జాగ్రత్తగా వేశాను. 60 వాట్ల డెస్క్‌టాప్ బదులు 15 వాట్ల మినీ పీసీ పెడితే ఏడాదికి, 300 పనిదినాలకు, దాదాపు 120 యూనిట్లు మిగులుతాయి. మన గ్రిడ్‌లో ఒక్కో యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే ఏడాదికి 85 కిలోల లోపు తగ్గుతుంది. బాగానే ఉంది కదా? కానీ కంపెనీలు విడుదల చేసే కార్బన్ రిపోర్టులు చూస్తే ఒక లాప్‌టాప్ తయారీకే సాధారణంగా వంద కిలోలు దాటుతుంది. ఆపిల్ సొంత రిపోర్టుల్లోనే మ్యాక్‌బుక్ ఎయిర్ జీవితకాల కాలుష్యంలో పెద్ద వాటా తయారీది. పనిచేస్తున్న పీసీని పారేసి కొత్తది కొంటే, ఆ భారం తీరడానికే మొదటి ఏడాదో రెండేళ్లో పోతాయి.

అందుకే ఏడింటినీ ఒకే గాటన కట్టలేదు. నాలుగు పీసీల్లో జరిగేది మెయిల్, బ్రౌజర్, షీట్లు. వాటికి ఎస్‌ఎస్‌డీ, అవసరమైన చోట ర్యామ్ వేసి లినక్స్ మింట్ ఎక్కించాం. ఈ మధ్య ఆ రేట్లు పెరిగినా నాలుగింటికీ కలిపి 12 వేలు దాటలేదు. "బ్రౌజర్ అదేగా, నాకేం తేడా?" అని మా హెచ్‌ఆర్ అక్క మొదటి రోజే తేల్చేసింది. రెండు పీసీలు అకౌంట్స్ వాళ్లవి. టాలీ ఉంది కాబట్టి విండోస్ తప్పదు. వాటికి మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ తీసుకున్నాం. ఆఫీసులకు మొదటి ఏడాది పీసీకి 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు, గరిష్ఠంగా మూడేళ్లు. కాబట్టి ఇది గడువు పెంచుకోవడం మాత్రమే. ఏడో పీసీ మదర్‌బోర్డు పోయే దశలో ఉంది. దాని బదులు 22 వేలలో మినీ పీసీ వచ్చింది.

అన్నింటిలో పది నిమిషాలకు స్లీప్ మోడ్ పెట్టాం. దీనికి పైసా ఖర్చు లేదు.

పాతది ఎక్కడికి పోతుంది?

తీసేసిన పీసీకి వీధిలో తుక్కు కొనేవాళ్లు మంచి రేటే ఇస్తారు. ఆ తర్వాత రాగి కోసం కేబుళ్లు తగలబెట్టడం, బోర్డుల్లోని లోహాల కోసం యాసిడ్‌లో ముంచడం జరుగుతుంటుంది. ఆ పొగ పీల్చేది అక్కడ పనిచేసే మనుషులు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ రూల్స్ ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్లు ఉన్నారు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర జాబితా దొరుకుతుంది. రేటు కాస్త తక్కువైనా అక్కడికే ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఇచ్చేముందు డ్రైవ్ చెరిపేయండి, లేదా విప్పి దగ్గర పెట్టుకోండి. యూపీఎస్ బ్యాటరీ అయితే కొత్తది కొనే షాపులోనే ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేయొచ్చు.

వీటితో పెద్దగా ఒరిగేది లేదు

డార్క్ మోడ్ పెడితే కరెంట్ ఆదా అని గోడకు అంటించిన ఆఫీసులు చూశాను. ఆఫీస్ మానిటర్లు ఎక్కువగా ఎల్‌సీడీలే. బ్యాక్‌లైట్ ఎలాగూ వెలుగుతూనే ఉంటుంది కాబట్టి తేడా నామమాత్రం. ఓలెడ్ ఫోన్లలో మాత్రం లాభం ఉంది, అదీ బ్రైట్‌నెస్‌ని బట్టి. 2021లో పర్డ్యూ యూనివర్సిటీ పరిశోధనలో ఫుల్ బ్రైట్‌నెస్‌లో 39 నుంచి 47 శాతం ఆదా కనిపిస్తే, 30 నుంచి 50 శాతం బ్రైట్‌నెస్‌లో 3 నుంచి 9 శాతమే తేలింది. మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించడం అంతకన్నా మేలు.

చివరి లెక్క

మీటర్ 1,500, ప్లగ్ 1,200, ఫ్యాన్లు 12 వేలు, ఎస్‌ఎస్‌డీ-ర్యామ్ 12 వేలు, సెక్యూరిటీ అప్‌డేట్స్ సుమారు 11 వేలు, మినీ పీసీ 22 వేలు. మొత్తం 59,700. మూడు లక్షల కొటేషన్‌ని సార్ పక్కన పెట్టేశారు. ఆరు పీసీలు బతికాయి. వచ్చే ఏడాది టాలీ పీసీల సంగతి మళ్లీ చూడాలి, అప్పటికి సెక్యూరిటీ అప్‌డేట్స్ రేటు రెట్టింపవుతుంది.

మీరు మీ ఆఫీస్‌లో మొదలెట్టాలనుకుంటే శనివారం సాయంత్రం అందరూ వెళ్లాక ఒక రౌండ్ వేయండి. ఇంకా ఏయే లైట్లు వెలుగుతున్నాయి, ఏవి గుయ్యిమంటున్నాయి, చేత్తో తాకితే ఏది వెచ్చగా ఉంది? మీటర్ మొదట తగిలించాల్సింది దానికే.