రొట్టెల లెక్క, గది అద్దె

పరధనమునకు ఆశపడి చేసిన తప్పు బయటపడినప్పటి సిగ్గు ఒక రకము. ఏ దురుద్దేశమును లేక, కేవలము లెక్క తెలియక, మిత్రుని సొమ్ము నెలల తరబడి అనుభవించితిమని తెలిసినప్పటి సిగ్గు వేరొక రకము. మొదటిదానికి శిక్ష యున్నది, క్షమాపణ యున్నది, లోకమునకు అలవాటైన మాటలున్నవి. రెండవదానికి అట్టి ఏర్పాటేదియు లేదు. అమీర్‌పేటలోను, కూకట్‌పల్లి హౌసింగు బోర్డులోను, మాదాపూరు వెనుక సందులలోను ముగ్గురు నలుగురు చొప్పున అపార్టుమెంట్లు పంచుకొని కాపురముండు యువతీయువకులలో ఈ రెండవ రకపు సిగ్గు నెరుగనివారు అరుదు. బ్యాచిలర్లకు ఇల్లు లేదను బోర్డులను దాటుకొని, బ్రోకరునకు కమిషను సమర్పించుకొని, ఒక నీడను సంపాదించు నాటికే వారి ఓపిక సగము తరిగిపోవును. ఇక చిల్లర లెక్కలు తేల్చుకొనుటకు వలయు ఓపిక ఎక్కడినుండి వచ్చును?

నాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెప్పెదను. హౌసింగు బోర్డులో మూడవ అంతస్తు, రెండు పడకగదులు, ముగ్గురు అద్దెదారులు. పెద్దవాడు చిరకాలముగా ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో నున్నవాడు. రెండవవాడు ఒక ఆడిటరు వద్ద లెక్కలు చూచువాడు. మూడవవాడు కోచింగు సెంటర్ల చుట్టు తిరుగుచు నెలలో సగము దినములు స్వగ్రామమున గడపువాడు. అద్దెలో ఎవరి వాటా వారే ఓనరునకు పంపుచుండిరి గనుక అందులో చిక్కు లేదు. చిక్కంతయు తక్కిన ఖర్చులలోనే యుండెను: బియ్యము, గ్యాసు బండ, కరెంటు బిల్లు, పనిమనిషి జీతము, వంటింటి కేలండరుమీద పెన్సిలు గీతలుగా పెరుగుచు పోవు నీళ్ల డబ్బాలు. ఒక నెల వీనికై పెద్దవాడు 9,000 రూపాయలు, రెండవవాడు 3,000 రూపాయలు వెచ్చించిరి. ఊరినుండి దిగిన మూడవవాడు, "మొత్తం పన్నెండు వేలు కదా, నా వంతు నాలుగు వేలు. మీరిద్దరూ పంచుకోండి" అని నోట్లు బల్లమీద పెట్టెను. ఎవరు పెట్టినదానినిబట్టి వారు తీసికొనుట న్యాయమని తోచి, పెద్దవాడు 3,000, రెండవవాడు 1,000 తీసికొనిరి. ఎవరికిని అన్యాయమనిపింపలేదు. చదువరులలోను పెక్కుమందికి ఇంకను అనిపించియుండదు.

కాని కూడి చూడుడు. పెద్దవాని చేతినుండి నికరముగా పోయినది 6,000; మూడవవానిది 4,000; రెండవవానిది 2,000 మాత్రమే. సమానముగా భరింపవలసిన ముగ్గురిలో ఒకడు మరియొకని ఖర్చుపై 2,000 రూపాయల మేర బ్రతికినాడన్నమాట. న్యాయముగా ఆ నాలుగు వేలును పెద్దవానికే చెందవలెను. అంతటితో తీరక రెండవవాడు తన జేబులోనుండి మరియొక వేయి తీసి ఆయనకీయవలెను. ఇచ్చుకొనవలసినవాడు పుచ్చుకొన్నాడు, అదియే తప్పు. ఈ పద్ధతియే కొన్ని నెలలు సాగెను. ఒక ఆదివారము పూట రెండవవాడు ఊరక కూర్చుండలేక, ఇంటి ఖర్చులన్నియు తన ఆఫీసు అలవాటు చొప్పున ఎక్సెల్ షీటులో ఎక్కించి, ముగ్గురి నిలువు వరుసలకు అడుగున మొత్తములు వేసెను. మూడును సరిపోవలసినవి; తనది అన్నిటికంటె పొట్టిగా నుండెను. ఏదో అంకె తప్పు పడినదని రెండుసార్లు మరల కొట్టి చూచెనట. ఊరివారి లెక్కలలో రూపాయి తేడా వచ్చిన పట్టి చూపువాడు, తన వంటింటి లెక్కలో తానే లాభపడి కూర్చుండుటకంటె అవమానమేమున్నది? ఆ రాత్రి అన్నము సహింపలేదని పనిమనిషి మరునాడు గిన్నె చూచి అడిగినదట.

మూడు దినములు నోరు పెగలలేదు. పిమ్మట ఒకనాడు, "అన్నా, ఇన్నాళ్లూ నీ డబ్బు నా దగ్గరే ఉండిపోయింది" అని మొదలుపెట్టగా పెద్దవాడు సాంతముగా విననైన వినక, "పోనీలేరా, మన మధ్య ఇదొక లెక్కా!" అని కొట్టివేసెను. ఈ "పోనీలేరా" యే మన ఇండ్లలో లెక్కలకు పరమశత్రువు. అది ఉదారమైన మాట, అనుమానము లేదు. కాని దాని వలన అప్పుపడినవాడు అప్పుతోడనే మిగిలిపోవును, పైగా కృతజ్ఞతాభారము కూడ మోయవలసివచ్చును. నష్టమును గాని లాభమును గాని పొందని మూడవవాడు మాత్రము కడుపుబ్బ నవ్వి, రెండవవానికి "ఆడిటరు గారు" అని పేరు పెట్టెను. తుదకు పెద్దవాడు చేతికి డబ్బు పుచ్చుకొననందున, రెండవవాడు రెండు నెలలపాటు కరెంటు బిల్లును గ్యాసు బండను తానే భరించి ఋణము తీర్చుకొన్నాడు.

ఆ యువకుడు ఊరటపడదగిన విషయ మొకటి గణితశాస్త్ర చరిత్రలో కలదు. ఇటలీలోని పీసా నగరవాసియైన లియొనార్డో, ఫిబొనాచి అని లోకము పిలుచు పండితుడు, భారతీయాంకెలతో లెక్కించు విధానమును ఐరోపా వర్తకులకు బోధించుచు 1202లో వ్రాసిన 'లిబెర్ అబాచి' యను గ్రంథమున సరిగా ఈ చిక్కునే సమస్యగా నిచ్చియున్నాడు. ఇద్దరు బాటసారులు, ఒకని వద్ద మూడు రొట్టెలు, వేరొకని వద్ద రెండు. భోజనమునకు కూర్చుండగా ఒక సైనికుడు వచ్చి చేరెను. ముగ్గురును సమముగా తినిరి. సైనికుడు పోవుచు ఐదు నాణెములిచ్చెను. మూడు రొట్టెలవాడు మూడు, రెండు రొట్టెలవాడు రెండు తీసికొనుట న్యాయమా? కాదు. తలకు ఒకటియు మూడింట రెండు వంతుల రొట్టె చొప్పున తినిరి గదా. తన తిండి పోగా మొదటివాడు సైనికునకు పెట్టినది రొట్టెలో మూడింట నాలుగు వంతులు, రెండవవాడు పెట్టినది మూడింట ఒక వంతు మాత్రమే. కనుక మొదటివానికి నాలుగు నాణెములు, రెండవవానికి ఒకటి. తెచ్చినదెంత యని కాక, తాను తినగా పరునకు పెట్టినదెంత యని చూడవలెనన్నది ఇందలి కీలకము. ఎనిమిది శతాబ్దములు గడచినను మనుష్యుని కన్ను మొదట తెచ్చినదానివైపే పోవుచున్నది.

నేడు ఈ కూడికలు తీసివేతలు చేసిపెట్టు యాప్‌లు వచ్చినవి. 2011లో అమెరికాలో పుట్టిన స్ప్లిట్‌వైజ్ అట్టివానిలో పేరెన్నిక గన్నది. ఎవరు ఎంత పెట్టిరో ఎక్కించినచో, ఎవరు ఎవరికి ఎంత ఇయ్యవలెనో తేల్చి, నలుగురున్న ఇంటిలో ఎన్ని పద్దులున్నను మూడు చెల్లింపులకు మించకుండ కుదింపగలదు. కాని పద్దు ఎక్కించుటకే మొహమాటపడువానికి యాప్ ఏమి చేయగలదు? ఇరువది రూపాయల కొత్తిమీర వ్రాసినచో పిసినారి యందురేమోనని మానివేయుదుము. ఆ పిమ్మట నూరు రూపాయల పాలు మానివేయుదుము. నెల తిరుగునప్పటికి లోలోపల ఒక అలిఖిత పద్దు తయారై, అది సింకులో గిన్నెలు కడగని నెపమున బయటపడును.

చిల్లర ఖర్చులకంటె ప్రమాదకరమైనది అడ్వాన్సు. ఇంటిలో దిగునాడు ముగ్గురును తలకు 20,000 చొప్పున 60,000 రూపాయలు ఓనరునకు కట్టిరనుకొనుడు. ఒకడు ఉద్యోగము మారి వెళ్లిపోవుచు, తన స్థానమున వచ్చినవాని యొద్దనే ఆ ఇరువది వేలు పుచ్చుకొని పోవును. ఇది లోకాచారము, ఓనరునకు కబురైన తెలియదు. ఏడాదికి ఇల్లు ఖాళీ చేయునప్పుడు పెయింటింగుకని ఒక నెల అద్దె, తలుపు గొళ్లెమునకని కొంత, గోడకు కొట్టిన మేకులకని మరికొంత మినహాయించుకొని మిగిలినది అగ్రిమెంటులో పేరున్నవాని ఖాతాలో వేయుదురు. మేకులు కొట్టినవాడు అప్పటికి పూణేలోనో బెంగుళూరులోనో సుఖముగా నుండును. కొత్తగా వచ్చినవాడు తాను కొట్టని మేకులకు మూల్యము చెల్లించును. చేతులు మారునాడే గోడలను ఫోనులో ఫొటోలు తీసి, ఎవరి వాటా ఎవరికి బదలాయింపబడినదో రెండు వాక్యములలో వ్రాసి ఓనరునకు వాట్సాప్‌లో పంపినచో ఈ తగవులు చాలవరకు పుట్టనే పుట్టవు.

అగ్రిమెంటులో ముగ్గురును సంతకములు చేసినచో వేరొక చిక్కు కలదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము 43వ సెక్షను ప్రకారము, వేరుగా ఒడంబడిక లేనియెడల, కలసి మాటయిచ్చినవారిలో ఏ ఒక్కనినైనను మొత్తమంతయు చెల్లింపుమని అవతలివాడు పట్టుకొనవచ్చును. చెల్లించినవాడు తక్కినవారినుండి సమభాగములు రాబట్టుకొనవచ్చును గాని, వారిలో నొకడు ఈయలేకపోయినచో ఆ నష్టమును మిగిలినవారే సమముగా భరింపవలెను. "నా వాటా నేను కట్టాను" అను సమాధానము ఓనరు ముందు చెల్లదు. అమెరికాలో చదువులకు పోయి నలుగురైదుగురుగా అపార్టుమెంటు పంచుకొను మన విద్యార్థులు సంతకము చేయు లీజులలోను సాధారణముగా ఇదే నియమముండును. సెమిస్టరు మధ్యలో ఒకడు వేరొక రాష్ట్రమునకు మారిపోయినచో మిగిలినవారి నెత్తిన అతని అద్దె పడును. డిపాజిటు విషయమున మాత్రము అక్కడి చట్టములు గడువులు విధించినవి: కాలిఫోర్నియాలో 21 దినములు, టెక్సస్‌లో 30. టెక్సస్‌లో మాత్రము కొత్త చిరునామాను వ్రాతపూర్వకముగా ఓనరునకు తెలిపియుండవలెను. పెట్టెలు సర్దుకొను తొందరలో దీనిని మరచువారే ఎక్కువ.

యూపీఐ వచ్చిన 2016 తరువాత పుట్టిన సిగ్గు ఇంకొకటి: కొత్త ఓనరునకు పంపవలసిన అద్దెను పాత ఓనరునకు పంపుట. అట్లు పోయిన సొమ్మును, అవతలివాని సమ్మతి లేనిదే బ్యాంకు తనంతట వెనుకకు లాగి ఈయదు. పొరపాటున వచ్చిన ధనమును పుచ్చుకొన్నవాడు తిరిగి ఈయవలసినదేనని పైన చెప్పిన కాంట్రాక్టు చట్టము 72వ సెక్షను చెప్పుచున్నది. అయినను పాత ఓనరునకు ఫోను చేసి బ్రతిమాలుట యనునది చట్టములకందని తపస్సు.

ఇక గదుల మాట. అటాచ్డ్ బాత్రూమున్న గది, బాల్కనీ గది, హాలులో పరుపు. ముగ్గురికిని ఒకే అద్దెయా? ఫ్రాన్సిస్ సూ అను అమెరికా గణితజ్ఞుడు 1999లో ప్రచురించిన ఒక వ్యాసమున, స్పెర్నర్ లెమ్మా యను ఒక గణిత సూత్రమును ఆధారముగా గొని, ఒక్కొక్కనికి ఒక్కొక్క గది నచ్చి, ఎవడును ఎదుటివాని గదిని చూచి అసూయపడని విధముగా మొత్తము అద్దెను గదుల మీద విభజింపగల అద్దెలు ఉండితీరునని నిరూపించెను. ధరలు మార్చి మార్చి, ఈ ధరకైతే ఏ గది కావలెనని ఒక్కొక్కనిని అడుగుచు పోవుట దాని పద్ధతి. మూడు కాగితపు ముక్కలతో ఏ ఇంటిలోనైనను ప్రయత్నింపవచ్చును. అయితే ఆ నిరూపణకు ఒక షరతు కలదు: ఉచితముగా వచ్చు గది యొకటి యున్నచో, డబ్బు పెట్టవలసిన గదికంటె దానినే ప్రతివాడును కోరుకొనవలెను. మే నెలలో, కూలరు గాలి తగలని హాలు మూలను ఊరకనే ఇచ్చినను ఒల్లననువాడు ఈ లెక్కకు లొంగడు. అట్టివానితో టీ పెట్టుకొని కూర్చుండి బేరమాడుకొనవలసినదే.