మన పొదుపు సొమ్ము - చట్టపు కాపుదల

పాఠశాల తెరచు దినములలో తల్లిదండ్రులు అనేక కార్యములపై ప్రధానోపాధ్యాయుని గదికి వచ్చుచుందురు. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక తండ్రి తన కుమార్తె బదిలీ పత్రమునకై వచ్చెను. ఆ బాలిక తొమ్మిదవ తరగతిలో చక్కగా చదువుచుండెను. కారణమడుగగా, తమ వీధిలోని ఒక పెద్దమనిషి వద్ద చీటీ వేసితిననియు, రెండేండ్లు కట్టిన సొమ్ముతో అతడు రాత్రికి రాత్రి ఊరు విడిచెననియు, ఇక అద్దె తక్కువగల ఊరికి పోవుట తప్ప గతి లేదనియు చెప్పెను. "రసీదు గలదా?" అని అడిగితిని. "తెలిసినవాడు గదండీ, రసీదు ఎందుకని అడుగలేదు" అనెను. ఆ మాటయే ఈ వ్యాసమునకు కారణము.

ప్రభుత్వము ఆర్థిక విధానమును నిర్ణయించును. శాసనసభలు దానికి చట్టరూపము నిచ్చును. రిజర్వు బ్యాంకు మొదలగు సంస్థలు దానిని అమలు జరుపును. ఇవన్నియు మనకు దూరపు సంగతులని తోచవచ్చును. కాని సొమ్ము దాచు విషయమున నేడున్న నియమములలో పెక్కు, ఎందరో సామాన్యులు నష్టపోయిన పిదప పుట్టినవే. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట యను సామెత ఈ చట్టముల చరిత్రకు చక్కగా సరిపోవును.

1906వ సంవత్సరము అక్టోబరు మాసమున మద్రాసు నగరమున ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసెను. పేరుప్రతిష్ఠలు గల దొరల కంపెనీయని నమ్మి ఎందరో తమ కష్టార్జితమును అందు దాచియుండిరి. ఆ కంపెనీ పెద్దకు కారాగార శిక్ష పడెను గాని, శిక్షవలన సొమ్ము తిరిగి రాలేదు. ఆ దెబ్బ తగిలిన మరుసటి యేడే, 1907లో, వి. కృష్ణస్వామి అయ్యరు ప్రభృతుల కృషివలన ఇండియన్ బ్యాంకు వెలసెను. 1923లో మచిలీపట్నమున భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. ఇట్లు స్వదేశీ బ్యాంకులు పెరిగెను గాని, వానిపై కాపలా చాలకుండెను. 1935లో రిజర్వు బ్యాంకు పని ప్రారంభించెను. 1949 నాటి బ్యాంకింగు చట్టము బ్యాంకులకు అనుమతి యిచ్చుటకును, లెక్కలు తనిఖీ చేయుటకును దానికి అధికారమొసగెను.

అంతటితో భయము తీరలేదు. 1960లో కేరళ రాష్ట్రమున పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడెను. ఆ కలవరము పిమ్మట 1961లో డిపాజిట్ల భీమా చట్టము వచ్చి, 1962 జనవరి 1వ తేదీనుండి అమలయ్యెను. తొలుత ఒక్కొక్కరికి 1,500 రూపాయలవరకే హామీ యుండెను. అది క్రమముగా పెరిగి 1993లో లక్ష రూపాయలైనది. పిదప చాలకాలము మారలేదు. 2019లో ముంబయి నగరమునందలి పంజాబ్ మహారాష్ట్ర సహకార బ్యాంకుపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించినప్పుడు, ఖాతాదారులు తమ సొమ్ములో మొదట వెయ్యి రూపాయలు మాత్రమే తీసికొన గలిగిరి. 2020 ఫిబ్రవరిలో హామీ పరిమితి 5 లక్షలకు పెరిగెను. ఇట్టి ఆంక్షలు విధింపబడినచో హామీ సొమ్మును 90 దినములలో చెల్లింపవలెనని 2021లో చట్టమును సవరించిరి.

ఈ హామీ స్వరూపమును తల్లిదండ్రులు బాగుగా గ్రహింపవలెను. ఐదు లక్షల పరిమితి శాఖకు గాదు, బ్యాంకునకు. ఒకే బ్యాంకు రెండు శాఖలలో ఒకే వ్యక్తి పేర ఏడు లక్షలున్నచో, అసలు వడ్డీ కలిపి ఐదు లక్షలకే హామీ గలదు. అదే సొమ్ము రెండు వేరువేరు బ్యాంకులలో ఐదేసి లక్షలకు మించకుండ ఉన్నచో మొత్తమునకు హామీ కలుగును. భీమా రుసుమును బ్యాంకే చెల్లించును. ఖాతాదారునినుండి వసూలు చేయదు. అయితే ఫైనాన్సు కంపెనీలలోని డిపాజిట్లకును, చీటీలకును ఈ భీమా వర్తింపదు.

చీటీ మన పెద్దలనాటి మంచి ఆచారమే. బ్యాంకు గడప తొక్కలేని వారికి అది పెండ్లికి, చదువునకు అక్కరకు వచ్చినది. అందుచే ప్రభుత్వము దానిని నిషేధింపక కట్టుబాటులో నుంచినది. 1982 నాటి చిట్‌ఫండు చట్టము ప్రకారము ముందుగా అనుమతి పొంది, చీటీని రిజిస్టరు చేయించి, చీటీ మొత్తమునకు తగిన ధరావతును చూపవలెను. నిర్వాహకుని కమిషను 5 శాతమునకు మించరాదని యుండగా, 2019 సవరణ దానిని 7 శాతము చేసినది. 1990 దశకమున తమిళనాట ఫైనాన్సు కంపెనీలు అనేకము కూలగా, డిపాజిటుదారుల రక్షణకై 1997లో ఈ రాష్ట్రము ప్రత్యేక చట్టము చేసెను. ఏ నియంత్రణయు లేని డిపాజిటు పథకములను 2019లో కేంద్ర చట్టము నిషేధించెను.

చట్టము వర్తకుల నడకను మార్చు తీరునకు ఒక ఉదాహరణము గలదు. సరకునకై కంపెనీ తీసికొన్న బయానా సొమ్ము 365 దినములలో సరకుగా చెల్లనిచో, దానిని డిపాజిటుగా ఎంచవలెనను నియమము 2014లో వచ్చెను. నగల కంపెనీల నెలసరి పథకములు పదకొండు మాసములకు కుదించుకొనుటకు ఇదియే కారణము.

నియమము మిక్కిలి బిగిసినచో చిన్న వర్తకునకు పెట్టుబడి దొరకదు. మిక్కిలి సడలినచో సొమ్ము దాచినవాడు మునుగును. ఈ రెంటి నడుమ తూకము నిలుపుటయే ఆర్థిక విధానము. కాని రిజిస్టరు చేయించుటకు ఖర్చును శ్రమయు గలవు గనుక, వీధి చీటీలు చాలమట్టుకు చట్టము కంట పడకయే నడచుచున్నవి. అచ్చట కాపలా మనమే కావలెను.

సొమ్ము ఇచ్చుటకు ముందు మూడు ప్రశ్నలడుగుడు. మీకు అనుమతి యిచ్చిన అధికారి ఎవరు? రిజిస్ట్రేషను సంఖ్య ఏది? ఒప్పందపు ప్రతి నాకిత్తురా? చీటీయైనచో ఆ సంఖ్య నిజమో కాదో చిట్ల రిజిస్ట్రారు కార్యాలయమున విచారింపవచ్చును. జవాబు చెప్పుటకు వెనుదీయువానికి, ఎంత తెలిసినవాడైనను, సొమ్ము ఇయ్యకుడు.

మనవారికి మరియొక చిక్కు గలదు. పత్రములు తమిళమునందో ఆంగ్లమునందో యుండును. చదువ సిగ్గుపడి చేవ్రాలు చేయువారు మనలో పెక్కుమంది. మీ పిల్లలు ఈ పాఠశాలలో తెలుగుతోపాటు ఆ రెండు భాషలును, వడ్డీ లెక్కలును నేర్చుచున్నారు. పత్రమును వారిచేత చదివించి, అర్థము తెలుగులో చెప్పించుకొనుడు. పాఠశాలకు తెచ్చినను మేము చదివి చెప్పెదము.

ఆ బాలిక మరల మన పాఠశాలకు రాలేదు. అట్టి కారణముచే మరియొక బదిలీ పత్రముపై చేవ్రాలు చేయు అవసరము నాకు కలుగకుండుగాక.