ఆరేళ్ళకు వచ్చే దవడ పన్ను పాలపన్ను కాదు

"పాలపళ్ళే కదా డాక్టరుగారూ, ఎలాగూ ఊడిపోతాయి." మా దంత వైద్య విభాగంలో మేము తరచుగా వినే మాట ఇది. తొమ్మిదేళ్ళ పాపను తీసుకువచ్చిన ఒక తల్లి కూడా ఇదే అన్నారు. పాప కింది దవడలో ఒక పన్ను పూర్తిగా పుచ్చిపోయి, బుగ్గ వాచి, జ్వరం కూడా వచ్చింది. ఆ పన్నును తీసివేయక తప్పలేదు. అది పాలపన్ను కాదనీ, దాని స్థానంలో మరొకటి రాదనీ చెప్పినప్పుడు ఆ తల్లి కన్నీళ్ళు పెట్టుకున్నారు.

పొరపాటు ఎక్కడ జరుగుతుంది?

పాలపళ్ళు మొత్తం 20. ఇవి సుమారు ఆరవ నెలలో మొదలై మూడేళ్ళలోపు అన్నీ వస్తాయి. ఆరేళ్ళ వయసులో, చివరి పాలపన్నుకు వెనుక, పైనా కిందా రెండు వైపులా ఒక్కొక్క పెద్ద దవడ పన్ను వస్తుంది. దీనికోసం ఏ పన్నూ ఊడదు. కనుక అది వచ్చిన సంగతే ఇంట్లో ఎవరూ గమనించరు. కాని ఈ నాలుగు పళ్ళే జీవితాంతం అన్నం నమలడానికి ఆధారం.

పాలపళ్ళను కూడా అశ్రద్ధ చేయకూడదు. పాల దవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ వరకు ఉండాలి. అవి ముందే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, తరువాత వచ్చే పళ్ళు వంకరగా వస్తాయి.

పన్ను ఎందుకు పుచ్చుతుంది?

పంటిపై పేరుకునే పాచిలోని సూక్ష్మక్రిములు మనం తినే తీపిని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పింగాణి పొరను కరిగిస్తుంది. ఎంత తీపి తిన్నారన్న దానికంటే, రోజుకు ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యం. రోజంతా కొంచెం కొంచెంగా బిస్కట్లు, చాక్లెట్లు తినే పిల్లవాడి పళ్ళకు కోలుకునే సమయమే దొరకదు. పాలసీసా నోట్లో ఉంచి నిద్రపుచ్చడం కూడా ఇలాంటిదే.

ఇంట్లో ఏం చేయాలి?

* ఉదయం, రాత్రి పడుకోబోయే ముందు మెత్తని బ్రష్‌తో తోమాలి. రాత్రి తోమిన తరువాత మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వవద్దు.
* ఫ్లోరైడ్ ఉన్న పేస్టు మూడేళ్ళలోపు బియ్యపుగింజంత, ఆరేళ్ళ వరకు బఠాణీగింజంత చాలు. మింగకుండా ఉమ్మివేయడం నేర్పండి.
* నల్గొండ, కనిగిరి వంటి ప్రాంతాలలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరునీరు తాగే పిల్లలకు పళ్ళపై మచ్చలు వస్తాయి. అటువంటివారు పేస్టు విషయంలో డాక్టరును అడగాలి.
* బొగ్గు, ఇటుకపొడి వాడవద్దు. అవి పంటిని అరగదీస్తాయి.
* ఏడెనిమిదేళ్ళ వరకు పిల్లల పళ్ళు పెద్దలే తోమాలి, లేదా దగ్గరుండి తోమించాలి.

కొంచెం పెద్ద పిల్లలకు

పన్నెండేళ్ళ ప్రాంతంలో రెండవ దవడ పళ్ళు వస్తాయి. సరిగ్గా ఈ వయసులోనే కూల్‌డ్రింకులు, గుట్కా అలవాటవుతాయి. గుట్కా నోరు తెరుచుకోకుండా చేస్తుంది, క్యాన్సర్‌కు దారితీస్తుంది. పిల్లలతో స్నేహంగా మాట్లాడి మాన్పించండి.

ఆటలో దెబ్బ తగిలి శాశ్వతమైన ముందు పన్ను ఊడిపోతే పారవేయకండి. వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, పాలలో వేసి వెంటనే ఆసుపత్రికి రండి. అరగంటలోపు వస్తే తిరిగి అమర్చగలిగే అవకాశం బాగా ఉంటుంది.

ఈ రాత్రే మీ బిడ్డ నోరు తెరిపించి, దీపం వెలుగులో వెనుక పళ్ళు చూడండి. నల్లమచ్చ కనబడితే నొప్పి వచ్చేదాకా ఆగవద్దు. చిన్న గుంట అయితే ఒక పూటలో పూడ్చి పంపిస్తాం. ఆలస్యమైతే పన్నునే కోల్పోవలసి రావచ్చు.